తప్పటడుగుల పిల్లలతో చలి నెలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దు పొట్టిగా మారి గాలిలో చలి చేరగానే, ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో రోజు ఒక్కసారిగా పొడవైపోయినట్టు అనిపిస్తుంది. బయట తిరిగే వేళలు తగ్గిపోతాయి, కానీ పిల్లల కాళ్ళకు ఋతువుతో నిమిత్తం ఉండదు. ఈ వయసు పిల్లలను పెంచుతున్న తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. వీటన్నిటి వెనుక ఉన్న నా నమ్మకం ఒక్కటే: ఈ వయసు బిడ్డకు వినోదాన్ని వేరే ఏర్పాటు చేయనక్కరలేదు, మనం రోజూ చేసే పనులనే బిడ్డ నడకకు తగినంత నెమ్మదిగా చేస్తే అందులోనే కావలసినంత ఆట దొరుకుతుంది.

చలిగా ఉన్నప్పుడు ఇంత చిన్న పిల్లలను బయటికి తీసుకువెళ్ళవచ్చా?

తీసుకువెళ్ళవచ్చు. నన్నడిగితే తీసుకువెళ్ళి తీరాలి. బిడ్డ ఆరోగ్యంగా ఉండి, ఒంటి మీద తగిన బట్టలున్నంతవరకు, రోజుకు ఒక్కసారైనా, పావుగంటైనా సరే, బయట గడపడం ఇంటిల్లిపాదికీ మేలు చేస్తుంది. పగటి వెలుతురు కంటికి తగిలితే నిద్ర వేళలు గాడిలో పడతాయి. నాలుగు గోడల మధ్య పేరుకున్న చిరాకు కూడా గుమ్మం దాటగానే చాలావరకు తగ్గిపోతుంది.

అయితే హద్దులు తెలిసి ఉండాలి. బరువుతో పోల్చి చూస్తే చిన్నపిల్లలకు చర్మ వైశాల్యం పెద్దవాళ్ళకంటే ఎక్కువ, కాబట్టి వారి ఒంట్లోని వేడి త్వరగా బయటికి పోతుంది. పైగా చలి వేస్తోందని చెప్పేంత మాట వారికి ఇంకా రాదు. నీరు గడ్డకట్టేంత చలి ఉన్న రోజున ఒకేసారి గంటసేపు తిప్పడంకంటే, పదిహేను ఇరవై నిమిషాలు ఆడించి, లోపలికి తెచ్చి వెచ్చబరిచి, మళ్ళీ తీసుకువెళ్ళడం మంచిది. ఉష్ణోగ్రత గానీ, గాలి విసురును కూడా కలిపి లెక్కించిన చలి గానీ మైనస్ 27 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే పిల్లలను లోపలే ఉంచాలని కెనడా శిశువైద్యుల సంఘం చెబుతుంది, ఎందుకంటే ఆ చలిలో బట్ట కప్పని చర్మం గడ్డకట్టడం మొదలవుతుంది. మామూలుగా తప్పటడుగుల పిల్లలు అంతకంటే ఎంతో ముందే అలసిపోతారు. వణుకు, ఊరికే ఏడుపు, ఆట మీద ధ్యాస పోవడం కనిపిస్తే ఇంటిదారి పట్టవలసిందే. ముక్కు కొస, చెవులు, వేళ్ళు పాలిపోయి మొద్దుబారినట్టు కనిపిస్తే వాటిని రుద్దకుండా గోరువెచ్చని నీటితో మెల్లగా వెచ్చబరచి వైద్యులకు చూపించాలి.

చలిగాలి తగిలితే జలుబు చేయదా?

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. చలి నెలల్లో అది ఎక్కువ కావడానికి ముఖ్య కారణం మనమందరం తలుపులూ కిటికీలూ మూసుకుని ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా గడపడం. చల్లని పొడిగాలి ముక్కు లోపలి పొరను ఎండబెట్టి వైరస్ పనిని కొంత సులువు చేయవచ్చు, కానీ వైరస్ లేనిదే జలుబు లేదు. ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలకు కూడా మొదటి 2 ఏళ్ళలో 8 నుంచి 10 సార్లు జలుబు చేయడం మామూలే. కాబట్టి ప్రతి జలుబుకూ నిన్నటి షికారును తప్పుపట్టుకోనవసరం లేదు. బయటినుంచి రాగానే సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడగడం, రోజూ కాసేపు కిటికీలు తెరిచి గది గాలి మార్చడం ఇంతకంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఎన్ని బట్టలు వేయాలి?

ఆ చలిలో మీకు హాయిగా ఉండడానికి ఎన్ని పొరలు కావాలో, బిడ్డకు అంతకంటే ఒక పొర ఎక్కువ వేయాలన్నది చాలామంది వైద్యులు చెప్పే లెక్క. ఒకే మందపాటి బట్టకంటే రెండు మూడు పలుచని పొరలు మేలు, ఎందుకంటే పొరల మధ్య నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది, పరుగెత్తి చెమట పట్టినప్పుడు ఒకటి తీసేయడమూ సులువవుతుంది. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి. చొక్కా లోపల మెడ వెనుక చేయి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టు, తడిగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టు. తడిసిన బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది కనుక, బయటికి వెళ్ళేటప్పుడు ఒక జత మేజోళ్ళు, ఒక జత చేతి తొడుగులు అదనంగా సంచిలో ఉండాలి. వేళ్ళు విడివిడిగా ఉండే తొడుగులు ఈ వయసులో తొడగడం దాదాపు అసాధ్యం. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో దూరే రకం వెచ్చగానూ ఉంటుంది, త్వరగానూ తొడగవచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. పొడవాటి మఫ్లర్లు, టోపీల తాళ్ళు ఆటలో ఎక్కడైనా చిక్కుకుని మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది, కాబట్టి తల మీదుగా దూర్చే మెడపట్టీ వాడండి. కారు సీటులో ఉబ్బుగా ఉండే జాకెట్టుతో కూర్చోబెట్టి బెల్టు కట్టకూడదు. ప్రమాదం జరిగితే ఆ ఉబ్బు అణిగిపోయి, బెల్టు వదులై, బిడ్డ జారిపోవచ్చు. పలుచని బట్టల మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

ఆ బట్టలు వేయించుకోవడానికే పెద్ద గొడవ చేస్తుంది. ఏం చేయాలి?

తొందరలో ఉన్నప్పుడు ఈ గొడవ రెట్టింపవుతుంది. బట్టలు తొడగడాన్ని షికారుకు ముందున్న అడ్డంకిగా కాకుండా షికారులో మొదటి భాగంగా చూడమని నా సలహా. చొక్కా చేతిలోంచి చేయి బయటికి వచ్చేటప్పుడు ‘చేయి ఏదీ, ఎక్కడికి పోయిందీ?’ అని వెతకడం, టోపీ ముందు మీ తలకు పెట్టుకుని, తర్వాత బొమ్మకు పెట్టి, చివరికి బిడ్డకు పెట్టడం, ఎరుపు మేజోళ్ళా నీలం మేజోళ్ళా అని రెండిటిలో ఒకటి ఎంచుకోనివ్వడం వంటివి పిల్లలను ఆ పనిలో భాగస్వాములను చేస్తాయి. ఎంపిక రెండిటి మధ్యే ఉండాలి, పెట్టె మొత్తం ముందు పెడితే ఇంకో అరగంట అక్కడే కూర్చోవలసి వస్తుంది. పెద్దవాళ్ళు పూర్తిగా సిద్ధమైన తర్వాతే బిడ్డకు చివరి పొర తొడగండి. వెచ్చని గదిలో మందపాటి జాకెట్టుతో నిలబడి ఎదురుచూడడమే చాలా ఏడుపులకు కారణం.

బయటికి వెళ్ళాక ఏం చేయాలి? ఆడుకునే చోటు ఖాళీగా, తడిగా ఉంటుంది కదా?

ఎక్కడికో చేరుకోవాలన్న ఆలోచనను ముందు వదిలేయాలి. తప్పటడుగుల బిడ్డతో నడక అంటే వంద అడుగులకు ముప్పావుగంట పట్టడం. రాలిన ఆకును తీసి తిప్పి చూడడం, గులకరాయిని జేబులో వేసుకోవడం, మెట్టు ఎక్కి దిగి మళ్ళీ ఎక్కడం, ఇవన్నీ ఆ నడకలో భాగాలే. మా అమ్మాయి రెండో ఏట చలి నెలలన్నీ ఒకే గోడ వెంబడి చేయి రాస్తూ నడిచింది. నేను అటు లాగినా ఇటు లాగినా తిరిగి ఆ గోడ దగ్గరకే వచ్చేది. గరుకు, తడి, నాచు మెత్తదనం ఒకే గోడలో దొరుకుతాయని నేను కొన్ని వారాల తర్వాత గానీ గ్రహించలేదు.

ఈ కాలం మాత్రమే ఇచ్చే వస్తువులు కొన్ని ఉన్నాయి. ఆకులు రంగు మారడం వాటిలో మొదటిది. చెట్టు ఆకుపచ్చ రంగును తయారు చేయడం మానేసినప్పుడు, అంతవరకు దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఈ సంగతి బిడ్డకు వివరించనక్కరలేదు, కానీ పచ్చాకును, పసుపాకును, ఎండుటాకును మూడు కుప్పలుగా వేయడం రెండేళ్ళ పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. ఎండుటాకుల మీద నడిస్తే వచ్చే చప్పుడు ఇంకా చిన్నవాళ్ళను కూడా ఆపి నిలబెడుతుంది. నోటినుంచి వచ్చే పొగ మరో వింత. ఊపిరిలోని తేమ చల్లగాలికి సన్నని నీటి బిందువులుగా మారడమే అది, పిల్లలకు మాత్రం తమ నోటినుంచి మబ్బు పుట్టినట్టు ఉంటుంది. ఈ నెలల్లో సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు కనుక మధ్యాహ్నం కూడా నీడలు పొడవుగా పడతాయి. నీడను తొక్కబోవడం, నీడతో చేయి ఊపించడం, అమ్మ నీడలో దూరి దాక్కోవడం ఒక్క వస్తువూ అవసరం లేని ఆటలు.

వాన వెలిసిన రోజున నీళ్ళు చొరని బూట్లు వేసి నీటి గుంటల్లో తొక్కనివ్వండి. గుంట లోతు మీ కాలితో ముందు చూసుకుని, రోడ్డుకు దూరంగా ఉన్నదే ఎంచుకోవాలి. మంచు కురిసే చోట ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక చిన్న గిన్నె, ఒక గరిటె ఇస్తే చాలు. చలి అంతగా లేని చోట ఉన్నవారు రాత్రి ఒక గిన్నెడు నీటిలో ఆకులు, పూలు వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మర్నాడు పళ్ళెంలో పెట్టి కరగడం చూపించవచ్చు. పెద్ద గడ్డ అయితే మంచిది, నోట్లో పట్టే చిన్న ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి.

బయటికి వెళ్ళడమే కుదరని రోజున ఇంట్లో ఎంత కదలిక ఉండాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 1, 2 ఏళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల శారీరక కదలిక అవసరం. ఒకేసారి గంటకు మించి బండిలోనో కుర్చీలోనో కట్టి కూర్చోబెట్టకూడదని కూడా అదే పత్రం చెబుతుంది. మూడు గంటలు అనగానే భయపడనక్కరలేదు, అది ఏకబిగిన చేసే వ్యాయామం కాదు. గది నుంచి గదికి నడవడం, వంగి వస్తువు తీయడం, సోఫా ఎక్కి దిగడం అన్నీ లెక్కలోకి వస్తాయి. పెద్దవాళ్ళు పదే పదే ‘కూర్చో’ అనకుండా ఉంటే సగం సమయం దానంతట అదే పూర్తవుతుంది.

మిగిలిన సగానికి ఇల్లే సాయపడుతుంది. దిండ్లను వరసగా నేల మీద పరిచి ఒకదాని మీదనుంచి మరొకదానికి నడిపించవచ్చు. రెండు కుర్చీల మీద దుప్పటి కప్పితే పాకుతూ దూరడానికి గుహ తయారవుతుంది. మేజోళ్ళను ఉండలుగా చుట్టి బుట్టలో విసరడం మరో ఆట. దూరాన్ని బిడ్డే నిర్ణయించనివ్వండి, సాధారణంగా బుట్టను ఆనుకునే నిలబడతారు, అందులో తప్పేమీ లేదు. పాట పెట్టి ఆడించి, హఠాత్తుగా ఆపి అందరూ కదలకుండా నిలబడడం రెండేళ్ళు దాటినవారికి బాగా పట్టుబడుతుంది, ఆగలేక నవ్వడమే అందులో అసలు సరదా. దాగుడుమూతల్లో ఈ వయసు పిల్లలు తమ కళ్ళు మూసుకుంటే తాము కనబడమని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా గది అంతా వెతకండి.

ఆడించడానికి తీరిక ఎక్కడిది? ఇంటి పనులే తెమలవు.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. రెండేళ్ళ పిల్లకు ఆటకూ పనికీ మధ్య గీత తెలియదు. మీరు చేసే పనే ఆమెకు లోకంలోకెల్లా గొప్ప ఆటగా కనిపిస్తుంది. బొమ్మ వంటసామానుకంటే మీ చేతిలోని నిజం గరిటె ఎక్కువ ఆకర్షించడానికి కారణం అదే. కాబట్టి పనిని ముగించుకుని తర్వాత ఆడిద్దామనుకోకుండా, పనిలోంచి ఒక ముక్క విరిచి బిడ్డ చేతికి ఇవ్వాలి.

ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు మేజోళ్ళకు జతలు వెతికే పని ఇవ్వండి. రంగులూ పరిమాణాలూ పోల్చి చూడడం ఇక్కడే మొదలవుతుంది. ఉతకవలసిన బట్టలను ఒక్కొక్కటిగా మెషిన్‌లో వేయనివ్వండి. తడిగుడ్డ ఇచ్చి కింది అరలను తుడవమనండి. కూరగాయలు కడిగేటప్పుడు పక్కన జారని ఎత్తుపీట వేసి, పొయ్యికీ కత్తికీ దూరంగా, ఒక గిన్నెలోనుంచి మరో గిన్నెలోకి వేయించండి. పది నిమిషాల పని అరగంట అవుతుంది, నేల తడుస్తుంది, మడతలు మళ్ళీ వేయవలసి వస్తుంది. అయినా ఆ అరగంటలో మీ పని అయింది, బిడ్డ ఆట కూడా అయింది. బిడ్డ వేసిన మడతను ఆమె చూస్తుండగా సరిదిద్దవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. తన పని పనికిరాలేదని ఆమెకు వెంటనే అర్థమవుతుంది, మర్నాడు దగ్గరికి రాదు.

చలికాలం కోసం ప్రత్యేకంగా బొమ్మలు కొనాలా?

అక్కరలేదు. ఉన్న బొమ్మల్లో సగం తీసి దాచి, రెండు వారాలకు మార్చండి, పాతవే కొత్తవిగా కనిపిస్తాయి. పెద్ద అట్టపెట్టె ఒకటి దొరికితే ఆ వారమంతా అదే కారు, అదే ఇల్లు, అదే పడవ.

చలిలో నీళ్ళ ఆట ఆడించవచ్చా?

వెచ్చని గదిలో, వెచ్చని నీటితో తప్పకుండా ఆడించవచ్చు. చాలా ఇళ్ళలో చలి నెలల మధ్యాహ్నాలను గట్టెక్కించేది స్నానమే. నీరు 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి సమానంగా ఉంటే చాలు. దింపేముందు మోచేతితో చూసుకోండి. జల్లెడ, మూత, చిన్న మగ్గు, చిల్లులున్న డబ్బా ఇస్తే పోయడం, కారడం, తేలడం, మునగడం అన్నీ వాళ్ళే కనిపెడతారు. బయటికి తీయగానే ఒళ్ళు అద్ది, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే క్రీమ్ రాస్తే పొడిగాలికి పగలదు.

కానీ చిన్నపిల్లలు 5 సెంటీమీటర్ల లోతు నీటిలో కూడా మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. ఫోన్ మోగినా, తలుపు తట్టినా, బిడ్డను ఎత్తుకునే వెళ్ళాలి. పక్కన అక్కో అన్నో ఉన్నారని వదలకూడదు. ఆట అయిపోగానే టబ్బు, బకెట్టు ఖాళీ చేసి బోర్లించాలి.

రంగులు, పిండి ముద్దలతో ఇల్లంతా పాడవుతుందని భయం. ఏమైనా మార్గం ఉందా?

స్నానానికి ముందు, స్నానాల గదిలోనే ఆడించండి. గోడలకు పూసినా కడిగేస్తే పోతుంది. కాగితాన్ని నేలకు అంటించి, నీటితో కడిగితే పోయే రంగులు రెండే ఇవ్వండి, అన్నీ ఇస్తే నిమిషంలో అంతా ఒకే మట్టిరంగు అవుతుంది. రంగు కూడా వద్దనుకుంటే కుంచె, గిన్నెడు నీళ్ళు ఇచ్చి ముదురు రంగు అట్ట మీద రాయమనండి. తడి గీత కనిపించి మాయమవుతుంది, మళ్ళీ రాయవచ్చు. పిండి ముద్దలో ఉప్పు ఎక్కువగా వేస్తారు, పైగా పచ్చి పిండిలో సూక్ష్మజీవులు ఉండవచ్చు, కనుక అన్నీ నోట్లో పెట్టుకునే దశలో ఉన్న పిల్లలకు అది ఇంకా వద్దు.

సాయంత్రం త్వరగా చీకటి పడుతుంది. పడుకునేదాకా ఎలా?

ఆ చీకటే ఈ నెలల బహుమతి. వేసవిలో పిల్లలు నిద్రపోయాక గానీ కనిపించని చుక్కలు ఇప్పుడు రాత్రి భోజనానికి ముందే కనిపిస్తాయి. అయిదు నిమిషాలు దుప్పటి కప్పి ఎత్తుకుని చంద్రుణ్ణి చూపించండి, నిన్న ఎక్కడ ఉన్నాడో, ఇవాళ ఎక్కడ ఉన్నాడో చెప్పండి. చంద్రుడు కనిపించని రోజున వాళ్ళే అడుగుతారు. లోపలికి వచ్చాక దీపాలు తగ్గించి, టార్చిలైటుతో గోడ మీద చేతుల నీడలు చూపించవచ్చు. చేతిని గోడకు దగ్గరగా, దూరంగా జరిపితే నీడ చిన్నదీ పెద్దదీ కావడం పెద్దవాళ్ళకే ముచ్చటగా ఉంటుంది. వెలుగును గది చుట్టూ తిప్పి ‘గడియారం ఎక్కడ, బూట్లు ఎక్కడ’ అని వెతికించడం కొత్త మాటలు నేర్పే సులువైన దారి. టార్చిలోని బ్యాటరీల మూత స్క్రూతో బిగించి ఉండాలి. బటన్ బ్యాటరీ మింగితే 2 గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, అలాంటి అనుమానం వస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒకే పుస్తకం, ఒకే ఆట మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. మార్చాలా?

మార్చవద్దు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండడం ఈ వయసులో గొప్ప ఆనందం, మాటలు స్థిరపడేది కూడా ఆ పునరావృతిలోనే. మీకు విసుగు వస్తే ఒక మాట దగ్గర ఆగి, దాన్ని బిడ్డతో చెప్పించండి.

టీవీ, ఫోన్ ఎంతసేపు చూపించవచ్చు?

ఏడాది వయసులో కూర్చోబెట్టి తెర చూపించడమే వద్దనీ, 2 ఏళ్ళ వయసులో రోజుకు 1 గంట మించకూడదనీ, తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దూరాన ఉన్న తాతయ్య, అమ్మమ్మలతో వీడియోలో ముచ్చటించడాన్ని నేను ఈ లెక్కలో కలపను, అక్కడ ఎదుటి మనిషి జవాబిస్తాడు. జ్వరం వచ్చిన రాత్రి కాస్త ఎక్కువ చూపించామని ఏ తల్లీ కుమిలిపోనక్కరలేదు.

అన్నయ్య, అక్కయ్య, ముసలివాళ్ళు, అందరూ కలిసి ఆడగలిగేది ఏముంది?

రెండేళ్ళ పిల్లలు సాధారణంగా తోటిపిల్లలతో కాకుండా తోటిపిల్లల పక్కన ఆడతారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే దీన్ని పక్కపక్కన ఆడే దశగా వర్ణించారు. కాబట్టి పెద్దపిల్లవాడు కట్టే మేడలో చెల్లెలికి వాటా ఇవ్వమని బలవంతం చేయకుండా, ఇద్దరికీ చెరి కొన్ని దిమ్మెలు ఇచ్చి పక్కపక్కన కూర్చోబెట్టండి. అన్న కట్టడం, చెల్లెలు పడగొట్టడం ఇద్దరూ ఒప్పుకున్న ఆటగా మారితే అంతకంటే మంచి సాయంత్రం ఉండదు. నేల మీద కూర్చోలేని పెద్దవాళ్ళకు ఒడిలో ఊగించడం, వేళ్ళతో ఆడించడం, పాత ఫోటోల్లో ఎవరెవరో చెప్పించడం సరిపోతాయి. పెద్దపిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలుంటే బల్ల మీదే ఉంచాలి. కాగితపు చుట్ట మధ్య ఉండే అట్ట గొట్టంలోంచి దూరిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ళ లోపు పిల్లల గొంతుకు ప్రమాదమని గుర్తుపెట్టుకోండి. హీటర్ చుట్టూ అన్ని వైపులా ఒక మీటరు ఖాళీ ఉండాలి, దాని ముందు అడ్డు పెట్టాలి.

పొద్దుటినుంచి ఏ ఆటా కుదరలేదు, బిడ్డ ఏడుస్తోంది, నాకూ ఓపిక లేదు. ఏం చేయను?

ముందు నిద్ర చూడండి. ఈ వయసులో పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, చాలా చెడ్డ రోజులకు మూలం అది తగ్గడమే. తర్వాత ఆకలి, తడిసిన బట్టలు, ముక్కు దిబ్బడ. ఊపిరి వేగంగా, కష్టంగా ఉన్నా, తాగడం మానేసినా, మూత్రం తగ్గినా అది ఆటల సమస్య కాదు, వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. ఇవేవీ కాకపోతే చోటు మార్చండి: గుమ్మం బయటికైనా, స్నానాల గదిలోకైనా, ఇంకో గది కిటికీ దగ్గరకైనా. అదీ కుదరనంత అలసటగా ఉంటే నేల మీద దుప్పటి పరిచి పడుకోండి. బిడ్డ మీ మీదికి ఎక్కుతుంది, దొర్లుతుంది, మీ ముక్కు పట్టుకుంటుంది, మీ కళ్ళు తెరిపించి చూస్తుంది. కాసేపటికి పక్కన తల ఆనించి తనూ పడుకుంటుంది.